జర్మనీ పిల్ల, జర మౌని

మహిమ ఫోన్లో అన్నది ‘షూలె’. బుచ్చవ్వ చెవిలో పడింది ‘శూల’.

తప్పు నోటిదీ కాదు, చెవిదీ కాదు. గురువారం మధ్యాహ్నం చెన్నూరు మీద కురిసిన వానది. రేకుల కప్పు మీద చినుకులు డప్పు కొడుతుంటే ఫోనుకు స్పీకరు పెట్టినా ఒకటే, పెట్టకున్నా ఒకటే. జర్మనీలో నర్సు పని చేస్తున్న కూతురు అక్కడ గొంతు చించుకుని, “అవ్వా! సోమారం దీవెనకు షూలె ఉన్నది! షూలె! బాపుకు చెప్పు!” అని అరిచింది. ఆపైన లైను తెగింది. బుచ్చవ్వ గుండె కూడా తెగినంత పనైంది. రోజూ పక్కలో పడుకోబెట్టుకునే అమ్మమ్మకు తెలియని కడుపునొప్పి సముద్రాల అవతలి తల్లికి తెలిసిపోయింది! అదీ నాలుగు రోజుల ముందే! నర్సు చదువంటే నర్సు చదువే మరి.

బెంజమిన్ గొడుగు విదిలించుకుంటూ గడప దాటేసరికి ఆరున్నరేళ్ల మనుమరాలు దీవెన పీట మీద కూర్చుని, ముందు గ్లాసెడు వాము కషాయం పెట్టుకుని, ముక్కు మూసుకుని ఉంది.

“ఏమైందే పోరికి?”

“శూల.”

“ఎవలు చెప్పిండ్రు?”

“మహిమ. సోమారం ఎక్కువైతదట.”

“శూలకు సోమారం ఏందే? అదేమన్న సంతనా?”

అనుమానం తీరక బెంజమిన్ కూతురికి ఫోను కలిపి, వాన చప్పుడు తగలకుండా తల గోనెసంచిలో దూర్చి మాట్లాడాడు. షూలె అంటే బడి. సోమవారం మన టైము ప్రకారం సాయంత్రం నాలుగున్నరకు అక్కడి పెద్ద టీచరమ్మ వీడియోలో దీవెనతో పావుగంట మాట్లాడుతుంది. పిల్ల జర్మన్‌లో జవాబిస్తే ఒకటో తరగతిలో తన దోస్తుల పక్కన కూర్చుంటుంది. ఇవ్వకపోతే ఏడాదిపాటు భాష నేర్చుకునే కింది తరగతి.

“ఇక్కడున్నప్పుడు లొడలొడ మాట్లాడేది బాపు,” అంది మహిమ. ఆ మాటలో వాన లేకపోయినా తడి ఉంది. “ఈస్టర్‌కు ముందు ఊరికి పంపినమా, మూడు నెలలకే గిట్లైంది. నేను జర్మన్‌ల అడిగితే తెలుగుల జవాబు. ఇప్పుడైతే జర్మన్ మాట ఇనంగనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. దోస్తులందరు ముందుకు పోతే అది ఒక్కతే ఎనుక పడుతది. ఎట్లనన్న మాట్లాడియ్యి బాపు. నీ చేతుల పెడుతున్న.”

“నా చేతుల పెట్టినవా, ఇగ ఫికర్ చెయ్యకు. సోమారం దాక నాలుగు రోజులున్నది. నాలుగు రోజులల్ల నేను ఎడ్లబండికి జర్మన్ నేర్పుత.”

గోనెసంచిలోంచి తల బయటికి తీసేసరికి ఆలస్యమైంది. బుచ్చవ్వ సాయంత్రం పాలు పోయడానికి వాడకట్టులో తిరిగి వచ్చేసింది. చెంబు చెంబుకూ పాలతోపాటు శూల కూడా పోసి వచ్చింది.

*

బెంజమిన్ ముప్పై ఏళ్లు చెన్నూరు–కరీంనగర్ బస్సులో కండక్టరు. ఆయన బస్సు దిగి మూడేళ్లయింది కానీ కండక్టరు ఆయనను దిగలేదు. చొక్కా జేబులో ఇప్పటికీ విజిలు ఉంటుంది. ఒకసారి ఊదితే ఇంట్లో అందరూ ఆగాలి, రెండుసార్లు ఊదితే కదలాలి. బుచ్చవ్వ ఇంతవరకూ విజిలుకు ఆగిందీ లేదు, కదిలిందీ లేదు. ఇక ఆయన నవ్వు సంగతి వేరే చెప్పాలి. గోదావరి వంతెన మీద బెంజమిన్ నవ్వితే ఎదురుగా వచ్చే బస్సు డ్రైవరు హారను అనుకుని పక్కకు తప్పుకునేవాడని డిపోలో చెప్పుకునేవారు.

శుక్రవారం ఉదయానికి గోడ మీద పాత క్యాలెండరు వెనక్కి తిరిగి ఉంది. దాని మీద టైము టేబులు.

“ఫస్ట్ ట్రిప్పు పొద్దుగాల ఐదున్నర నుంచి ఏడు. లాస్ట్ ట్రిప్పు నాలుగు నుంచి ఆరు. నడుమ హాల్టు,” అని చదివాడు.

“గా యాళకు అది నా ఎంబడి కొట్టంల ఉంటది గదనయ్యా,” అంది బుచ్చవ్వ, చేతిలో పాల బకెట్టుతో.

“కొట్టంల ఏమున్నది, పెండ తప్ప? జర్మనీ టీచరమ్మ పెండ మీద ప్రశ్నలడుగుతదా?”

దీవెన కొట్టం వైపు చూసింది, తాత వైపు చూసింది, వచ్చి చాప మీద కూర్చుంది. ఈ మూడు నెలల్లో ఒక్క పూట కూడా ఆ పిల్ల పాలు పిండే వేళకు ఇంట్లో లేదు. వాళ్ల బర్రె పేరు ముత్తెం. బొగ్గుబావిలోంచి తవ్వి తీసినట్టు ఉంటుంది, పేరు మాత్రం ముత్తెం. దీవెన దాని మేత గాడి పక్కన గొంతుక్కూర్చుని, గడ్డిపోచలు ఒక్కొక్కటే అందిస్తూ, దాని చెవిలో ఏదో గొణిగేది. వెనక వైపు బుచ్చవ్వ దుడ్డెను విడిచేది. అది రెండు గుక్కలు లాగి, పొదుగును తలతో రెండు పోట్లు పొడిచేసరికి ముత్తెం చేపేది. పైనున్న పాలు దిగి చనుకట్లు బిర్రుగా నిండేవి. అప్పుడు దుడ్డెను లాగి గుంజకు కట్టేసి, వేళ్లకు ఇంత నూనె రాసుకుని, బకెట్టు మోకాళ్ల నడుమ ఇరికించి, నుదురు బర్రె డొక్కకు ఆనించి బుచ్చవ్వ పిండేది. జుయ్యి జుయ్యిమనే ఆ చప్పుడులో మనుమరాలి గొణుగుడులోంచి ‘గంజి, గంజి’ అన్న మాటొక్కటే ఆమెకు అందేది. బర్రెకు గంజి పెట్టమంటున్నది కాబోలు, ఎంత ప్రేమ అనుకుని కుడితిలో ఇంకో చెంబు గంజి కలిపేది.

ఇప్పుడు చాప మీద, ఫోనులో జర్మన్ బొమ్మల సినిమా పెట్టి, బెంజమిన్ తన చదువు బయటికి తీశాడు. రాత్రికి రాత్రే పది మాటలు కంఠతా పట్టాడు. గుర్తుండడానికి కొండగుర్తులు కూడా పెట్టుకున్నాడు.

“గూటెన్ మోర్గెన్! గూటిల ముర్గీ అని పెట్టుకున్న. కోడి గూటిల ఉన్నదంటే పొద్దుగాలనే గదా. నువ్వు చెప్పు బిడ్డా. గూటిల ముర్గీన్!”

దీవెన పెదవుల కొన కదిలింది. తప్పు దిద్దకుండా ఉండడం ఆ పిల్లకు ఎంత కష్టంగా ఉందో కనుబొమల్లో కనిపించింది. అంతలోనే అరచెయ్యి లేచి నోటి మీద పడింది.

“పోనీ, పోయొస్త అనేది. అవ్ వీడే జాన్! అవ్ అంటే అవును, వీడే మన జాను. చెప్పు?”

చెయ్యి ఇంకా గట్టిగా అదుముకుంది. బెంజమిన్ మాటకొక టికెట్టు ఇస్తానన్నాడు. పది టికెట్లకు ఐస్‌క్రీమన్నాడు. విజిలు ఊదాడు. చివరికి బొమ్మల సినిమాలో కుందేలు మాట్లాడింది, నక్క మాట్లాడింది, ఒక క్యారెట్టు కూడా మాట్లాడింది. దీవెన మాట్లాడలేదు.

“జర్మన్ రమ్మంటే జర మౌన్ వచ్చిందేమే దీనికి!” అన్నాడు బెంజమిన్.

కొట్టంలోంచి బుచ్చవ్వ వచ్చింది. బకెట్టులో సగం కూడా లేవు. “ఏమో, ముత్తెం ఇయ్యాల సరిగ సేపలే,” అంది.

*

శనివారానికి బకెట్టు అడుగే తడిసింది. బుచ్చవ్వ దుడ్డెను విడిచింది, పట్టింది, మళ్లీ విడిచింది. పొదుగు మీద వేడినీళ్లు చిలకరించింది. గంజి చెంబుకు రెండు చెంబులు చేసింది. ముత్తెం గంజి తాగేది, తల గాడి పక్కకు తిప్పి ఖాళీ చోటు వాసన చూసేది, కాలు విసిరేది. పాలు పైకే పట్టుకునేది.

ఇంట్లో పిల్ల చెప్పదు. కొట్టంలో బర్రె చేపదు.

పాల కోసం చెంబులతో వచ్చినవాళ్లు ఉత్త చెంబులతో పోలేక పిల్లను చూసి పోవడం మొదలుపెట్టారు. మొగుడు దుబాయిలో ఉన్న పక్కింటి వినోద జిలకర పొట్లం తెచ్చింది.

“శూలకు మంచిది మామా.”

“శూల కాదు వినోదా, షూలె.”

“అదే అన్న గద. శూలనే.”

“అమ్మా, ఆమె అన్నది షూ... లె. షూ! కాలుకు తొడుక్కుంటం సూడు, షూ.”

“కాలుకు కూడ పాకిందా?” అని వినోద నోరు నొక్కుకుంది. సాయంత్రానికి ఇంకొకరు కాలికి రాసే తైలం తెచ్చారు.

బర్రెను చూడటానికి రాయమల్లు వచ్చాడు. ముత్తెంను అమ్మిందీ ఆయనే. బర్రెల విషయంలో చెన్నూరులో ఆయన మాటే మాట. చెవులు పట్టి చూశాడు, నాలుక లాగి చూశాడు, పొదుగు నాలుగు పక్కలా వేళ్లతో తట్టి చూశాడు.

“జరం లేదు, వాపు లేదు. పొదుగు నిండ పాలున్నయి కండక్టర్ సాబ్. ఇస్తలేదు, అంతే.”

“సూది ఏస్తే?”

రాయమల్లు మొహం ముడుచుకుంది. “సూది ఏసి గుంజుకునేటోళ్లు ఉన్నరు. నేనైతే ఏయనియ్య. అది ఇస్తేనే పాలు. మనం గుంజుకుంటే అది దొంగతనమే.” ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. “దిష్టి తలిగింది. మిర్పకాయలు తిప్పుత. ఇగ సోమారం పొద్దుగూకె దాక కొట్టంలకు కొత్త కండ్లు పడొద్దు. పిల్లగాండ్లయితే అసలే రావద్దు.”

“మనం ప్రార్థన చేసేటోళ్లం రాయమల్లూ,” అన్నాడు బెంజమిన్.

“ప్రార్థన నేను చేస్త, మిర్పకాయలు ఆయన తిప్పుతడు,” అంది బుచ్చవ్వ. “బర్రెను కొన్ననాడు నీ మతమేందని మనం అడుగలే గద.”

కొట్టం గుమ్మానికి గోనెపట్టా వేలాడదీశారు. దీవెన అరుగు మీద కూర్చుని ఆ పట్టా వైపే చూస్తూ ఉంది. లోపల ముత్తెం అరిచినప్పుడల్లా పిల్ల కాళ్లు అరుగు మీంచి కిందికి జారుతున్నాయి, తాతను చూసి మళ్లీ పైకి పోతున్నాయి. ఆ కాళ్లను బెంజమిన్ పట్టించుకోలేదు. ఆయన ఫోనులో పదకొండో మాట నేర్చుకుంటున్నాడు.

*

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల దగ్గర దేవదాస్ ఎదురయ్యాడు. సంఘంలో పెద్దమనిషి; చేతిలో బైబిలు, నోట్లో వక్క.

“అరె, జర్మనీ బిడ్డ! ఈస్టర్ నాడు స్టేజీ మీద వాక్యం చెప్పినవు సూడు, ఖాఖా అనుకుంట... మా తమ్ముడు ఇనలే. ఏదీ, ఇంకోపాలి!”

నలుగురు మూగారు. ఎవరో అప్పుడే నవ్వడానికి గొంతు సవరించుకున్నారు. ఈస్టరు నాడు పిల్ల జర్మన్‌లో చెప్పిన ఆ బైబిలు వాక్యం గుర్తొచ్చి బెంజమిన్ కడుపులో నవ్వు బయలుదేరింది. ఆ రోజు పిల్ల ‘ఇఖ్’ అన్నది, ‘నిఖ్ట్’ అన్నది, గొంతులో చేపముల్లు ఇరుక్కున్నట్టు! నవ్వు ఛాతీ దాటి మెడదాకా వచ్చింది. అప్పుడు చొక్కా అంచు కిందికి లాగినట్టైంది.

వంగి చూశాడు. దీవెన ఒక చేత్తో ఆయన చొక్కా పట్టుకుంది. రెండో చెయ్యి తన నోటి మీద ఉంది. కళ్లు దేవదాస్ మీద లేవు. తాత నోటి మీద ఉన్నాయి. వాన వచ్చేముందు రేకుల వైపు చూసినట్టు చూస్తున్నాయి.

నవ్వు మెడలోనే ఆగిపోయింది.

“ఇయ్యాల కాదు దేవదాస్. బస్సు యాళైంది,” అన్నాడు బెంజమిన్. ఇల్లు రెండు వీధుల అవతలే ఉంది.

దారిలో నీళ్లు నిలిచిన గుంతలు. దీవెన ఒక్కొక్క గుంతా దూకుతోంది. నాలుగు గుంతలను బెంజమిన్ చుట్టి దాటాడు.

“జర్మన్ మర్చిపోయినవా బిడ్డా?”

తల అడ్డంగా ఊపింది.

“మరెందుకు మాట్లాడుతలేవు?”

“నువ్వు నవ్వుతవ్.”

“నేనొక్కన్నేనా? గా దేవదాస్ తాత నవ్వలేదా? పాటలు పాడెటోళ్లు నవ్వలేదా?”

“అందరు నవ్విండ్రు,” అంది దీవెన. “అందరు ఆపినంక కూడ నువ్వు నవ్వినవ్.”

బెంజమిన్ అయిదో గుంతలో చెప్పుతో సహా దిగబడ్డాడు. కాలు పైకి లాక్కున్నాడు. జేబులు తడుముకున్నాడు. చేతికి విజిలు తగిలింది. దాన్ని చొక్కా అంచుతో తుడిచి పిల్ల అరచేతిలో పెట్టాడు.

“ఇగో. ఇగ ఇది నీది. నేను నవ్విన్ననుకో, ఒక్కపాలి ఊదు. బస్సు ఆగాలె.”

“నిజంగ?”

“ఆగకపోతే నన్ను డ్యూటీలకెళ్లి తీసెయ్.”

పరీక్షకు బెంజమిన్ రోడ్డు మధ్యలో హహ్హహ్హ అని మొదలుపెట్టాడు. దీవెన ఊదింది. ఆయన ఒంటికాలి మీద, తెరిచిన నోటితో, ఉన్నవాడు ఉన్నట్టు ఆగాడు. వెనక వస్తున్న ఆటో కూడా ఆగింది. పిల్ల కిలకిలా నవ్వింది, చెయ్యి అడ్డం పెట్టుకోవడం మరిచిపోయి.

“రెండుసార్లు ఊదితే?”

“రైట్ రైట్. ఇగ పోనియ్యొచ్చని.”

ఇంటికి రాగానే బెంజమిన్ క్యాలెండరును మళ్లీ ముందుకు తిప్పేశాడు. ట్రిప్పులన్నీ రద్దు. పిల్ల మాత్రం ఆ రోజు కూడా జర్మన్ మాట్లాడలేదు. విజిలు మెడలో వేసుకుని, అరుగు మీద కూర్చుని గోనెపట్టా వైపు చూస్తూ ఉంది.

*

సోమవారం నాలుగున్నర. బియ్యం డబ్బాకు ఆనించిన ఫోనులో రెండు గడులు. ఒక గడిలో మహిమ, ఆసుపత్రి బట్టల్లోనే. ఇంకో గడిలో తెల్లజుట్టు టీచరమ్మ. వాకిట్లో రాయమల్లు, వినోద, చెంబులు పట్టుకున్న ఇంకో అయిదారుగురు. ఇవాళైనా పాలు వస్తాయేమోనని కొందరు, సోమవారం శూల ఎట్లా వస్తుందో చూద్దామని కొందరు.

టీచరమ్మ ఏదో అడిగింది. గొంతు మెత్తగా ఉంది. దీవెన పీట మీద కూర్చుని, ఒక చెయ్యి నోటి మీద, ఒక చెయ్యి విజిలు మీద పెట్టుకుని చూస్తోంది. టీచరమ్మ ఇంకోటి అడిగింది. మహిమ బతిమాలింది. తలుపు పక్కన నిలబడ్డ బెంజమిన్ నాలుక కొసన పదకొండు మాటలు అందించడానికి తయారుగా ఉన్నాయి. పదకొండూ మింగేశాడు.

అప్పుడు ముత్తెం అరిచింది. మూడు రోజుల పాలు పొదుగులో బరువెక్కిన బర్రె అరుపు అది. ఇంటి రేకులు అదిరాయి. వెంటనే బుచ్చవ్వ గొంతు: “ఇయ్యే నా తల్లీ, ఇయ్యే! నన్ను పరేషాన్ చెయ్యకే!”

దీవెన చెయ్యి నోటి మీంచి దిగింది. తెలుగులోనే అంది: “తాతా, ముత్తెం పిలుస్తుంది.”

“టీచరమ్మ కూడ పిలుస్తుంది గద బిడ్డా.”

పిల్ల ఫోను వైపు చూసింది. “నేను పోకుంటే టీచరమ్మకు నొప్పిలేస్తదా?”

బెంజమిన్ గడిలో ఉన్న కూతురి మొహం చూశాడు. ఏడాది. పిల్ల దోస్తులు ఒక గదిలో, పిల్ల ఇంకో గదిలో. మళ్లీ మనుమరాలి కాళ్లు చూశాడు. అవి అప్పటికే పీట దిగి, వేళ్ల మీద నిలబడి, ఆయన మాట కోసం ఆగి ఉన్నాయి. ఆ కాళ్లు శనివారం నుంచీ అట్లాగే జారుతున్నాయని ఆయనకు ఇప్పుడు తోచింది.

“పో,” అన్నాడు.

“బాపూ! ఎటు పంపిస్తున్నవ్? టీచరమ్మ చూస్తుంది!”

“బర్రె ఏడుస్తుందే. నమ్మవా, ఉండు చూపిస్త.” ఫోను చేతిలోకి తీసుకుని, అంతకన్నా వివరంగా చెప్పడానికి జర్మన్ రాక, టీచరమ్మతో, “వన్ మినిట్ మేడం, బఫెలో!” అని, ఆయన కూడా పిల్ల వెనక పరుగెత్తాడు.

దీవెన గోనెపట్టా తోసుకుని లోపలికి దూరింది.

“అరె, దిష్టి! పిల్లగాండ్లు రావద్దంటి గదా!” అని రాయమల్లు చెయ్యెత్తాడు. బెంజమిన్ పెదవుల మీద వేలు పెట్టుకుని ఆయన్ను ఆపాడు. బెంజమిన్ పెదవుల మీద వేలు ఉండడం వాడకట్టు అంతకుముందు ఎన్నడూ చూడలేదు. అందుకే అందరూ నోరు మూసుకున్నారు.

గాడి పక్కన తన చోట్లో గొంతుక్కూర్చుని దీవెన బర్రె చెవి పట్టుకుంది.

“గాంజ్ రూయిఖ్, ముత్తెం,” అంది. “ఇఖ్ బిన్ దా. గాంజ్ రూయిఖ్.”

ముత్తెం చెవులు రెండూ ముందుకు వచ్చాయి. బుస్సున ఊపిరి వదిలింది. ఎగిరెగిరి పడుతున్న వెనక కాలు నేల మీద కుదురుగా ఆనింది. దుడ్డె రెండు గుక్కలు లాగిందో లేదో పొదుగు దిగింది. “సేపింది! సేపిందయ్యో!” అని బుచ్చవ్వ దుడ్డెను గుంజకు కట్టి బకెట్టు పెట్టింది. జుయ్యి. జుయ్యి. మూడు రోజుల మౌనం బకెట్టులోకి ధారలు కట్టింది.

అక్కడ ధార, ఇక్కడ ధార. దీవెన ఆపకుండా మాట్లాడుతోంది. గడ్డిపోచ అందిస్తూ, చెవి నిమురుతూ, ఇఖ్‌లు, నిఖ్ట్‌లు, నొఖ్‌లు అన్నీ గొంతు లోపలినుంచి తడబడకుండా వస్తున్నాయి. ఫోనులో టీచరమ్మ తన నోటికి తనే చెయ్యి అడ్డం పెట్టుకుని వింటోంది. మహిమ మెల్లగా చెప్పింది:

“బాపూ, అది ఏమంటుందో ఎరికేనా? మూడు రోజులు నన్ను రానియ్యలే ముత్తెం, నువ్వు కోపం చెయ్యకు అంటుంది. మా తాత జర్మన్ మాట్లాడితే గూట్లె కోళ్లు కూడ పారిపోతయి, కని మంచోడు అంటుంది. నేను బడికి పోయినంక నువ్వు అమ్మమ్మకు పాలియ్యాలె అంటుంది.”

టీచరమ్మ మెల్లగా ఏదో అడిగింది. దీవెన తల తిప్పకుండానే జవాబిచ్చింది. ఇంకోటి అడిగింది. ఇంకా పెద్ద జవాబు. బర్రె ఏం తింటుంది, ఎంత తాగుతుంది, దుడ్డెను ఎందుకు కడతారు, అన్నీ చేతులు తిప్పుతూ చెబుతోంది. ఆ మాటల వరదలో బెంజమిన్‌కు అర్థమైన మాట ఒకే ఒక్కటి కొట్టుకొచ్చింది: “పెండ”. దానికి జర్మన్ మాట తెలియక తెలుగుదే వాడేసింది. టీచరమ్మ కళ్లద్దాలు సర్దుకుని, శ్రద్ధగా, “పెం-డ?” అని అడిగింది.

బెంజమిన్ బుగ్గలు ఉబ్బాయి. నవ్వు కడుపులోంచి ఛాతీలోకి, ఛాతీలోంచి మెడలోకి ఎక్కింది. భుజం మీది టవలు కొస నోట్లో కుక్కుకున్నాడు. ఆయన్ను చూసి రాయమల్లు తన రుమాలు, వినోద కొంగు కుక్కుకున్నారు.

టీచరమ్మ ఏదో చెప్పి చెయ్యి ఊపింది. మహిమ కళ్లు తుడుచుకుంది. “ఒకటో తరగతే బాపు! దోస్తుల పక్కన్నే. మొదటి రోజు బర్రె ఫొటో తెచ్చి అందరికి చెప్పాలంట.”

అప్పుడు ప్రశ్నలు మొదలయ్యాయి. శూల ఏమైందని వినోద. దిష్టి ఏమైందని రాయమల్లు. గంజి పెట్టాల్నా, వద్దా అని బుచ్చవ్వ. దీవెన గాడి గట్టు ఎక్కి నిలబడింది.

“షూలె అంటే బడి. నాకు కడుపునొప్పి లేదు, కాలునొప్పి లేదు. గాంజ్ అంటే గంజి కాదు. గాంజ్ రూయిఖ్ అంటే నిమ్మలంగ ఉండు, భయపడకు అని. ముత్తెంకు దిష్టి తగుల్లే. నేను రోజు దానితోని జర్మన్ మాట్లాడుత. మూడు రోజులు ఎవ్వరు మాట్లాడలే. అందుకే పాలియ్యలే.”

“నేను మాట్లాడలేదానే? పొద్దుమాపు బతిమాలితిని!” అంది బుచ్చవ్వ.

“తెలుగుల మాట్లాడినవ్ అమ్మమ్మా. పాలిచ్చేటప్పుడు దానికి జర్మన్ అలవాటైంది.”

రాయమల్లు నోట్లోంచి రుమాలు తీశాడు. “నా బర్రెకు జర్మన్ వస్తదా! మరి బిడ్డా, ఇంతమంది మనుషులముంటిమి. మాతోని మాట్లాడక బర్రెతోని ఎందుకు మాట్లాడినవ్?”

“ముత్తెం నవ్వది,” అంది దీవెన.

చెంబులు పట్టుకున్నవాళ్లు చెంబుల్లోకి చూసుకున్నారు. బెంజమిన్ టవలు ఇంకో జానెడు లోపలికి కుక్కుకున్నాడు. ఈసారి నవ్వుకు కాదు.

బుచ్చవ్వ పిండడం ఆపకుండానే అంది: “నువ్వు జర్మనీకి పోతె నా గతేందే? నాకు నేర్పు. ఏందది, గంజి రూక?”

“గాంజ్ రూయిఖ్.”

“గంజి రూయి... క.”

“క కాదు, ఖ్! గొంతులకెళ్లి రావాలె. ఖ్!”

“ఖ్,” అంది బుచ్చవ్వ. “ఖ్,” అంది వినోద. రాయమల్లు, బీడీ దగ్గు ముప్పై ఏళ్లుగా వెంట ఉన్న మనిషి, అందరికన్నా శుద్ధంగా “ఖ్హ్!” అన్నాడు. దీవెన గట్టు మీంచి చప్పట్లు కొట్టింది. వాడకట్టంతా ఖ్ ఖ్ ఖ్ అంటుంటే ముత్తెం ఒకసారి వెనక్కి తిరిగి అందరినీ చూసి, మళ్లీ గడ్డిలో మూతి పెట్టింది.

బెంజమిన్ మాత్రం అనలేదు. ఆయన నోటి నిండా టవలు. మొహం ఎర్రబడింది, కళ్లలో నీళ్లు, పొట్ట మీద చొక్కా గుండీలు ఎగిరెగిరి పడుతున్నాయి. చప్పుడు లేదు. దీవెన ఆయన్ను చూసింది. ఆ నోటినే చూసింది, నిన్న చర్చి మెట్ల మీద చూసినట్టే, కానీ తన చెయ్యి ఈసారి నోటి మీదికి పోలేదు. మెడలోని విజిలు మీదికి పోయింది.

రెండుసార్లు ఊదింది.

బస్సు కదిలింది. వాకిట్లో కోళ్లు గూటికి పరుగెత్తాయి, రేకులు దద్దరిల్లాయి, ఫోనులో మహిమ చెవులు మూసుకుని తనూ నవ్వింది. బుచ్చవ్వ ఒక చెయ్యి బకెట్టుకు అడ్డం పెట్టి, రెండో చేత్తో పిండుతూనే ఉంది. పాలు ఆగలేదు.